సీజన్ ముందు అంచనాలు ఎక్కడ తప్పుతాయి? హైదరాబాద్ ఎఫ్‌సీ ఆరు సీజన్ల కథ

ఇవాళ్టి ఎపిసోడ్ ఫుట్‌బాల్ మీద. ఇంకా కరెక్ట్‌గా చెప్పాలంటే, సీజన్ మొదలవ్వక ముందే అందరూ చెప్పేసే జోస్యాల మీద. "ఈసారి కప్పు మనదే", "వీళ్లు ఆఖరి ప్లేస్ పక్కా", "ఆ స్ట్రైకర్ పని అయిపోయింది"... ప్రతి సీజన్ ముందు ఫోన్ తెరిస్తే ఇవే వీడియోలు. నేనూ చూస్తాను, సరదాగానే ఉంటాయి. కానీ ఈ అంచనాలు దేని మీద ఆధారపడి చెప్తారు, ఎక్కడ పనిచేస్తాయి, ఎక్కడ బోల్తా పడతాయి అన్నది ఎవరూ విడమరిచి చెప్పరు. ఇవాళ అది చూద్దాం.

దీనికి ఉదాహరణ కోసం మాంచెస్టర్ దాకా వెళ్లక్కర్లేదు. గచ్చిబౌలి చాలు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019 నుంచి 2025 దాకా ఆరు సీజన్లు ఆడింది. ఆ ఆరింటిలో ఆఖరి స్థానం ఉంది, కప్పు ఉంది, మళ్లీ ఆఖరి స్థానం ఉంది. చివరికి టీమే ఊరు వదిలి వెళ్లిపోయింది. అంచనాలు ఎలా తప్పుతాయో నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి కేసు ఇండియాలో నాకు కనపడలేదు.

ముందు, అంచనా ఎలా తయారవుతుందో చూద్దాం. మామూలుగా మూడు విషయాలు కలుపుతారు. పోయినేడు ఏ ప్లేసులో ఉన్నారు? ఈ వేసవిలో ఎవరిని కొన్నారు, ఎవరిని వదిలేశారు? కోచ్ ఎవరు? ఈ మూడూ కలిపి, దాని మీద కొంచెం అభిమానం చల్లితే ప్రిడిక్షన్ రెడీ. యూరప్‌లో ఈ పద్ధతి బాగానే పనిచేస్తుంది. ఎందుకంటే అక్కడ జీతాల మీద ఎక్కువ ఖర్చు పెట్టే క్లబ్బులే చాలావరకు పట్టికలో పైన ఉంటాయి. పోయినేడు డబ్బున్నవాడికి ఈ ఏడూ డబ్బుంటుంది కాబట్టి, పోయినేడు పట్టిక చూసి ఈ ఏడు పట్టిక రాసినా పెద్దగా తప్పు పోదు. లెస్టర్ సిటీ లాంటివి ఎప్పుడో ఒకసారి. 2015-16 ముందు వాళ్లు లీగ్ గెలుస్తారని పందెం కాస్తే ఒకటికి 5,000 ఇస్తామన్నారు, వాళ్లు గెలిచేశారు. ఆ కథ అందరూ చెప్పిందే, నేను మళ్లీ చెప్పను.

మన ఇండియన్ సూపర్ లీగ్, అదే ఐఎస్ఎల్, లెక్క వేరు. ఇక్కడ ఆటగాళ్ల జీతాలకి పరిమితి ఉంది. డబ్బు ఉన్నా విచ్చలవిడిగా పెట్టడానికి లేదు. పోయినేడు కింద ఉన్నంత మాత్రాన కింది డివిజన్‌కి దించెయ్యడం కూడా మనం మాట్లాడుకునే ఈ ఆరేళ్లలో లేదు. పైగా మ్యాచ్‌లు తక్కువ. ఇంగ్లండ్‌లో ఒక్కో టీమ్ 38 ఆడితే, ఇక్కడ చాలా సీజన్లలో 20 చుట్టూనే. మ్యాచ్‌లు తగ్గే కొద్దీ అదృష్టం వాటా పెరుగుతుంది. ఒక పోస్ట్‌కి తగిలి బయటికి పోయిన బంతి, ఒక తప్పుడు పెనాల్టీ... సీజన్ మొత్తం మారిపోతుంది. జంషెడ్‌పూర్‌నే చూడండి: 2020-21లో ఆరో స్థానం, మరుసటేడు 43 పాయింట్లతో లీగ్ షీల్డ్, ఆ మరుసటేడు పదో స్థానం. షీల్డ్ తెచ్చిన కోచ్ ఓవెన్ కాయల్ వెళ్లిపోయాడు, టీమ్ జారిపోయింది. అంటే ఇక్కడ పోయినేడు పట్టిక మీకు చెప్పేది చాలా తక్కువ.

ఇప్పుడు మన హైదరాబాద్‌కి వద్దాం.

2019 ఆగస్టు. ఎఫ్‌సీ పుణే సిటీ మూతపడింది. ఆ ఖాళీలోకి విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని కలిసి హైదరాబాద్ పేరుతో టీమ్ తెచ్చారు. సీజన్ మొదలవ్వడానికి రెండు నెలలు కూడా సరిగ్గా లేదు. కోచ్ ఫిల్ బ్రౌన్, పుణే నుంచే వచ్చాడు. తొలి మ్యాచ్ అక్టోబర్ 25న, కోల్‌కతాలో ఏటీకే మీద. స్కోరు 5-0. మనకి సున్నా. ఆ సీజన్ 18 మ్యాచ్‌ల్లో రెండే గెలుపులు, మొత్తం 10 పాయింట్లు, పది టీముల్లో పదో స్థానం. బ్రౌన్‌ని జనవరిలోనే పంపేశారు. ఇక్కడ అంచనా తప్పలేదనే చెప్పాలి. రెండు నెలల్లో కట్టిన ఇల్లు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

రెండో సీజన్ ముందు ఇంకో తమాషా. కొత్త కోచ్‌గా తీసుకున్న ఆల్బర్ట్ రోకా టీమ్‌ని ఒక్క మ్యాచ్ కూడా ఆడించకుండానే బార్సిలోనా పిలిచిందని వెళ్లిపోయాడు. బార్సిలోనా పిలిస్తే ఎవరు మాత్రం ఆగుతారు లెండి. 2020 ఆగస్టు ఆఖర్లో మనోలో మార్కెజ్ వచ్చాడు. ఆఖరి స్థానంలో ఉన్న టీమ్, కోవిడ్ వల్ల సీజన్ అంతా గోవాలో బయో బబుల్, చివరి నిమిషంలో వచ్చిన కోచ్. ఈ మూడూ చూసి ఎవరైనా కింది వరుసలోనే రాస్తారు. అయితే వచ్చింది ఐదో స్థానం. 20 మ్యాచ్‌లు, 29 పాయింట్లు.

ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే అసలు పాఠం ఈ సీజన్ అంకెల్లోనే దాగి ఉంది. 29 పాయింట్లు ఎలా వచ్చాయి? ఆరు గెలుపులు, పదకొండు డ్రాలు, మూడు ఓటములు. సీజన్ మొత్తంలో మూడంటే మూడే ఓటములు! టాప్ ఫోర్‌కి ప్లే-ఆఫ్ అవకాశం. నాలుగో స్థానంలో గోవా 31తో ఉంది. ఆఖరి మ్యాచ్ అదే గోవా మీద, 0-0 డ్రా. అది గెలిచి ఉంటే మనకి 31, గోవాకి 30 అయ్యేవి. ఒక్క గోల్ దూరంలో ప్లే-ఆఫ్ పోయింది.

మీరు 2021 అక్టోబర్‌లో కూర్చుని కొత్త సీజన్ అంచనా వేస్తున్నారు అనుకోండి. పట్టిక మాత్రమే చూసేవాడు "ఐదో స్థానం టీమ్, ఈసారి కూడా నాలుగు, ఆరు మధ్య" అంటాడు. అంకెల లోపలికి చూసేవాడు ఇంకోలా ఆలోచిస్తాడు. ఈ టీమ్ ఓడిపోవడం లేదు. దీని సమస్య గెలవలేకపోవడం. పదకొండు డ్రాలంటే పదకొండుసార్లు ఒక్క గోల్ తక్కువైంది. మరి ఆ గోల్ వేసేవాడు వస్తే? డ్రాకి ఒక పాయింట్, గెలుపుకి మూడు. నాలుగు డ్రాలు గెలుపులైతే చాలు, ఎనిమిది పాయింట్లు పెరుగుతాయి.

వచ్చాడు. బార్తొలోమ్యూ ఒగ్బెచే. నైజీరియా వాడు, 2002 వరల్డ్ కప్ ఆడినవాడు, ముంబై సిటీ నుంచి వచ్చాడు. ఆ అక్టోబర్‌కి అతనికి 37 ఏళ్లు. మామూలు ప్రిడిక్షన్ వీడియోల్లో 37 అనే అంకె కనపడగానే పని అయిపోయిందనే మాటే వస్తుంది. అతను ఆ సీజన్ 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ పట్టుకెళ్లాడు. కోచ్ మారలేదు. ఇంకో పెద్ద విషయం, ఆ సీజన్ నుంచి మైదానంలో విదేశీయులు నలుగురే ఉండాలన్న రూల్ వచ్చింది. అంటే ఏడుగురు ఇండియన్లు తప్పనిసరి. మనోలో అప్పటికే ఏడాదిగా ఆశీష్ రాయ్, ఆకాశ్ మిశ్రా లాంటి కుర్రాళ్లని నమ్మి ఆడిస్తున్నాడు. మిగతా టీములు వెతుక్కునే వేళకి మన దగ్గర కుర్రాళ్లు రెడీగా ఉన్నారు.

ఫలితం? 27 గోల్స్ కొట్టిన టీమ్ 43 కొట్టింది. పదకొండు గెలుపులు, ఐదు డ్రాలు, నాలుగు ఓటములు, 38 పాయింట్లు, రెండో స్థానం. గమనించారా, ఓటములు మూడు నుంచి నాలుగుకి పెరిగాయి! ఎక్కువసార్లు ఓడి కూడా తొమ్మిది పాయింట్లు పెరిగాయి. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఫైనల్, కేరళ బ్లాస్టర్స్ మీద. 88వ నిమిషం దాకా 1-0తో వెనకే ఉన్నాం. సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన షాట్‌తో సమం. పెనాల్టీల్లో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు, 3-1తో కప్పు హైదరాబాద్‌కి. పెనాల్టీల్లో గెలవడం మాత్రం ఏ అంచనాకీ అందే విషయం కాదు, అది వేరే సంగతి. కానీ టీమ్ ఫైనల్ దాకా వెళ్లగలదు అన్నది అక్టోబర్‌లోనే అంకెల్లో ఉంది.

2022-23 గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. టీమ్ రెండేళ్ల తర్వాత గచ్చిబౌలికి తిరిగొచ్చింది, 42 పాయింట్లతో మళ్లీ రెండో స్థానం, సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల్లో ఓటమి. అందరూ ఊహించినట్టే పైన ఉన్నారు.

ఇప్పుడు 2023 వేసవికి రండి. ఇక్కడే ప్రిడిక్షన్ల అసలు పరీక్ష.

కాగితం మీద చూస్తే ఇది లీగ్‌లోనే నిలకడైన టీమ్. వరుసగా రెండేళ్లు రెండో స్థానం, మధ్యలో ఒక కప్పు. మనోలో మాత్రం గోవాకి వెళ్లిపోయాడు, ఒగ్బెచే లేడు. సరే, కోచ్ పోయాడు, స్ట్రైకర్ పోయాడు, ఒక మూడు నాలుగు స్థానాలు దిగుతారు అనుకుందాం. పద్ధతి ప్రకారం వేసే ఏ అంచనా అయినా ఐదు, ఆరు, మహా అయితే ఏడు దగ్గర ఆగుతుంది. జరిగిందేంటంటే 22 మ్యాచ్‌లు, ఒకే ఒక్క గెలుపు, ఐదు డ్రాలు, పదహారు ఓటములు. 8 పాయింట్లు. పన్నెండు టీముల్లో పన్నెండో స్థానం. ఆ ఒక్క గెలుపు కూడా 2024 మార్చిలో, చెన్నయిన్ మీద 1-0.

ఇంత పతనం ఫార్మేషన్ మార్చితే రాదు, స్ట్రైకర్ పోతే రాదు. జీతాలు ఆగిపోతే వస్తుంది. బయట పల్లకీల మోత, ఇంట్లో ఈగల మోత అంటారు కదా, అదే పరిస్థితి. క్లబ్‌లో బకాయిలు పేరుకుపోయాయి. కొత్త ఆటగాళ్లని రిజిస్టర్ చెయ్యకుండా ఫిఫా నిషేధం పెట్టింది. 2024 జనవరి వచ్చేసరికి విదేశీ ఆటగాళ్లలో చాలామంది, పేరున్న ఇండియన్లలో పలువురు టీమ్ వదిలేశారు. బ్రెజిల్ మిడ్‌ఫీల్డర్ జోవా విక్టర్ ఉండిపోయాడు. కోచ్ తాంగ్‌బోయ్ సింగ్టో మిగిలిన కుర్రాళ్లతోనే సీజన్ ముగించాడు. ఆ పిల్లల్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. ఎదురుగా పూర్తి స్థాయి టీములు, ఇటు పక్క అనుభవం లేని పిల్లలు.

ఇది ఎలా జరుగుతుందో రూల్ ప్రకారం చెప్తాను, ఎందుకంటే ప్రిడిక్షన్ వీడియోల్లో ఇది ఎక్కడా రాదు. ఫిఫా నిబంధనల్లో రెండు ముఖ్యమైన విషయాలున్నాయి. ఒకటి, క్లబ్ కనీసం రెండు నెలల జీతం ఎగ్గొడితే ఆటగాడు లిఖితంగా నోటీసు ఇస్తాడు. పదిహేను రోజుల్లో డబ్బు పడకపోతే కాంట్రాక్ట్ తెంచుకుని వెళ్లిపోవచ్చు. క్లబ్‌కి ట్రాన్స్‌ఫర్ ఫీజు పైసా రాదు. రెండు, బకాయి ఉన్న ఆటగాడో కోచో ఫిఫాకి కేసు పెట్టి గెలిస్తే క్లబ్‌కి 45 రోజుల గడువు. అప్పటికీ కట్టకపోతే కొత్త ఆటగాళ్ల రిజిస్ట్రేషన్ మీద నిషేధం, అది మూడు ట్రాన్స్‌ఫర్ విండోల దాకా ఉండొచ్చు. కట్టేస్తే తీసేస్తారు.

ఈ రెండూ కలిపి చూడండి. ఒక తలుపులోంచి ఉన్నవాళ్లు బయటికి వెళ్లిపోగలరు. రెండో తలుపులోంచి కొత్తవాళ్లు లోపలికి రాలేరు. అందుకే డబ్బు సమస్య వచ్చిన టీమ్ మెల్లగా ఒక్కో మెట్టూ దిగదు, మెట్ల మీంచి పడిపోతుంది. రెండు నెలల బకాయి అనేది చిన్న వార్తలా కనపడుతుంది. కానీ సీజన్ అంచనాకి సంబంధించి పెద్ద స్ట్రైకర్ కొన్నారన్న వార్త కన్నా అది వంద రెట్లు పెద్దది.

"అన్నా, ఇది ఇండియాలోనే" అనకండి. ఇంగ్లండ్‌లో ఎవర్టన్‌కి 2023 నవంబర్‌లో ఆర్థిక నిబంధనలు దాటినందుకు పది పాయింట్లు కోసేశారు. అప్పీల్‌లో ఆరుకి తగ్గించారు, మళ్లీ ఏప్రిల్‌లో ఇంకో రెండు కోశారు. ఆగస్టులో పట్టిక ఊహించినవాళ్లు మైదానం చూసి ఊహించారు. ఎనిమిది పాయింట్లు పోయింది మాత్రం ఆడిటర్ల లెక్కల్లో.

మరి మామూలు అభిమానికి ఇవన్నీ ముందే ఎలా తెలుస్తాయి? మీరు అకౌంటెంట్ అవ్వక్కర్లేదు, ఫోన్ ఉంటే చాలు. రిజిస్ట్రేషన్ నిషేధం ఉన్న క్లబ్బుల జాబితా ఫిఫా తన వెబ్‌సైట్‌లోనే పెడుతుంది. మీ టీమ్ పేరు అక్కడ ఉందేమో చూడటానికి రెండు నిమిషాలు. ఏఐఎఫ్ఎఫ్ ఏటా క్లబ్ లైసెన్సింగ్ చేస్తుంది, అందులో ఆర్థిక ప్రమాణాలు కూడా ఉంటాయి. ఎవరికి ఇచ్చారు, ఎవరికి ఆపారు అన్నది వార్తల్లో వస్తుంది. ఇంకో గుర్తు కూడా ఉంది, ఇది నా సొంత లెక్క: కాంట్రాక్ట్ ఇంకా మిగిలి ఉన్న మంచి ఆటగాడు ఫీజు లేకుండా వేరే క్లబ్‌కి వెళ్లాడంటే ఎందుకు అని అడగండి. ఒకరు వెళ్తే వ్యక్తిగత కారణం కావొచ్చు. నలుగురు వెళ్తే అది క్లబ్ సంగతి. ప్రీ-సీజన్ ఫ్రెండ్లీల స్కోర్లు మాత్రం దయచేసి పట్టించుకోకండి. సగం మంది ఫిట్‌నెస్ కోసం ఆడే మ్యాచ్‌లో 4-0 గెలిచారని కప్పు కలలు కనడం టైమ్ వేస్ట్.

మైదానం వైపు కూడా అంతే. ప్లేస్ చూడకండి, ఆ ప్లేస్ ఎలా వచ్చిందో చూడండి. గెలుపులు, డ్రాలు, ఓటములు విడదీయండి. ఎన్ని గోల్స్ కొట్టారు, ఎన్ని తిన్నారు, కొట్టినవాటిలో ఒక్కడి వాటా ఎంత? కొట్టినవాటిలో పెద్ద వాటా ఒక్కడిదే అంటే, వాడు వెళ్లిన రోజు మీ టీమ్ ఏమవుతుందో కూడా ఆ అంకే చెప్తుంది. ఇక స్థానం చెప్పేటప్పుడు ఒకే అంకె కాకుండా "మూడు నుంచి ఏడు మధ్య" అని చెప్పడం నేర్చుకుందాం. 2021 ఫిబ్రవరిలో నాలుగుకీ ఐదుకీ తేడా రెండు పాయింట్లు. ఏ మేధావి ఊహించగలడు ఆ రెండు పాయింట్లని?

ఆరో సీజన్ సంగతి కూడా చెప్పి ముగిస్తాను. 2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ని తీసుకుంది. అప్పటికే సెప్టెంబర్, సీజన్ గుమ్మంలో ఉంది. హడావుడిగా టీమ్ కట్టారు. 2019 మళ్లీ రిపీట్ అయింది అనుకోండి. 24 మ్యాచ్‌ల్లో 18 పాయింట్లు, పదమూడు టీముల్లో పన్నెండో స్థానం. దీన్ని ఎవరైనా ఊహించగలరు, ఊహించారు కూడా.

ఊహించనిది ఆ తర్వాత జరిగింది. 2025 జూలైలో కొత్త ఐఎస్ఎల్ సీజన్‌నే నిర్వాహకులు ఆపి ఉంచారు. ఏఐఎఫ్ఎఫ్‌తో వాళ్ల హక్కుల ఒప్పందం ఆ డిసెంబర్‌తో ముగుస్తుంది, తర్వాత ఏంటన్నది తేలలేదు. టాప్‌లో ఎవరుంటారు అనే ప్రశ్న పక్కకి పోయి, అసలు సీజన్ ఉంటుందా అన్నది ప్రశ్న అయింది. ఆటగాళ్లకి, కోచింగ్ సిబ్బందికి, గ్రౌండ్‌లో పనిచేసేవాళ్లకి అది సరదా ప్రిడిక్షన్ కాదు, ఇంటి ఖర్చు. అదే ఏడాది అక్టోబర్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది, ఇప్పుడది స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. విచిత్రం ఏంటంటే, 2019లో ఢిల్లీ డైనమోస్ ఢిల్లీని వదిలి భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అదే ఏడాది పుణే టీమ్ పోయి హైదరాబాద్ వచ్చింది. ఆరేళ్లకి హైదరాబాద్ టీమ్ పోయి ఢిల్లీ ఖాళీ నిండింది.

1950లలో సయ్యద్ అబ్దుల్ రహీమ్ సిటీ పోలీస్ టీమ్‌తో దేశాన్ని ఏలిన ఊరు ఇది. ఆయన కోచింగ్‌లోనే ఇండియా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకుంది, 1962 ఏషియన్ గేమ్స్ స్వర్ణం కొట్టింది. అలాంటి ఊరి పేరు ఇప్పుడు ఐఎస్ఎల్ పట్టికలో లేదు. పసుపు జెర్సీ కొనుక్కున్న కుర్రాళ్లు చాలామంది ఇంకా ఇదే అడుగుతున్నారు, "అన్నా, ఇప్పుడు ఎవరిని సపోర్ట్ చెయ్యాలి?" అని.

నా జవాబు శ్రీనిధి డెక్కన్. విశాఖలో పుట్టి హైదరాబాద్‌లో ఆడిన క్లబ్. ఐ-లీగ్‌లో 2022-23లో రెండో స్థానం, 2023-24లో మళ్లీ రెండో స్థానం. ఆ రెండు సీజన్లలో వాళ్ల గెలుపులు, డ్రాలు, ఓటములు మీరే విడదీసి చూడండి. వాళ్ల గురించి వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.